కార్యాలయంలో ఫోటో తీయవచ్చునా?

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా వేల్పూర్‌లో జరిగిన సభలో ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చి చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాము. అవి మాట్లాడేవారు నా తరువాత ఉన్నారు. నాకు కార్యదర్శిగారు పదిహేను నిమిషాలు ఇచ్చినారు. రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి, ఏ సంగతైనా వెనకటి రికార్డు నుంచి మొదలుపెట్టడం అలవాటు. కొంచెం సాగితే మన్నించాలి.

ఈరోజు మన ముందుకు ఒక తీర్మానం వస్తున్నది. మండల స్థాయి కార్యాలయాల్లో పనివేళల్లో ఉద్యోగుల ఫోటోలు, వీడియోలు తీయడాన్ని పూర్తిగా నిషేధించవలసిందిగా జిల్లా కలెక్టరుగారిని కోరాలని దాని సారాంశం. తెచ్చిన మిత్రుడు నాకు నలభై ఏండ్ల స్నేహితుడు. ఆయన బిడ్డ ఉద్యోగస్తురాలు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందిమి పింఛనుదారులమే కాదు, ఉద్యోగస్తుల తల్లిదండ్రులము కూడా. ఆయన బాధ నాకు తెలుసు. అయినా ఆ తీర్మానాన్ని ఉన్నది ఉన్నట్టుగా నేను బలపరచలేను. ఎందుకో చెప్పడానికే నిలబడ్డాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా కోడలు ఒక కార్యాలయంలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఏ కార్యాలయమో చెప్పను. ఒకనాడు సర్వరు పనిచేయక పొద్దటినుంచి జనం పేరుకుపోయినారు. మధ్యాహ్నం రెండు దాటినాక ఆమె బల్ల మీదనే టిఫిను డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తింటున్నది. ఆ కార్యాలయంలో కూర్చుని తినడానికి వేరే గది లేదు. వరుసలో ఉన్న ఒక కుర్రవాడు ఫోను ఎత్తి వీడియో తీసినాడు. సాయంత్రానికి అది ఊరూరి వాట్సప్ గ్రూపుల్లో తిరిగింది. కింద రాసిన మాటలు ఈ సభలో చెప్పదగినవి కావు. నా మనవడు బడిలో తోటి పిల్లల ఫోనులో దాన్ని చూసి ఇంటికి వచ్చి తల్లి మొహం వంక చూడలేదు.

రాత్రి అన్నం దగ్గర ఆమె నాతో అన్నది: "మామయ్యా, పొద్దటినుంచి నూటాఇరవై మందికి పనిచేసిన. ఆ ఫోటో ఎవ్వరు తీయలే."

ఇది ఒక పక్క. ఇక రెండో పక్క కూడా నా అనుభవమే.

నేను రిటైరైన ఆరేండ్లకు, నాతో పనిచేసిన ఒక మిత్రుడు పోయినాడు. ఆయన భార్యకు కుటుంబ పింఛను మంజూరు కావాలె. కాగితాలన్నీ నేనే రాసిపెట్టినాను, నా చేతిరాత చూసి ఆఫీసువాళ్లే మెచ్చుకున్నారు. మెచ్చుకుని పక్కన పెట్టినారు. వదినమ్మను వెంటబెట్టుకుని ఏడుసార్లు పోయినాను. ఒకసారి సారు మీటింగుకు పోయిండు. ఒకసారి సారు లీవు. ఒకసారి ఫైలు మీది సెక్షనులో ఉన్నది, మీది సెక్షనులో అడిగితే కింది సెక్షనులో ఉన్నది. ఎనిమిదోసారి పోయిన రోజు పొద్దున పదకొండు నలభై అయింది. కుర్చీ ఖాళీ. పైన గోడ గడియారం. నాకు ఏం తోచిందో, ఫోను తీసి ఆ కుర్చీ, ఆ గడియారం రెండూ వచ్చేటట్టు ఒక ఫోటో తీసినాను. మనిషి లేడు, ఒట్టి కుర్చీ.

అటెండరు పరుగెత్తుకొచ్చినాడు. "ఏయ్ పెద్దమనిషీ, ఎవలనడిగి ఫోటో తీస్తున్నవ్? ఇటియ్యి ఫోను" అని గుంజుకుని, ఫోటో తీసేసి, "సర్కారు పనికి అడ్డమొచ్చినవని కేసైతది, తెలుసా?" అన్నాడు. ముప్పైనాలుగేండ్లు సర్కారు పని చేసినవాణ్ణి. వదినమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోదాం పా అన్నా, నాకు పింఛనొద్దు" అని ఏడ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అటెండరు అన్నది నిజమేనా, అది నేరమేనా అని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టినాను. అప్పటినుంచి ఇప్పటిదాకా తెలుసుకున్నది మీముందు పెడుతున్నాను.

మన దేశంలో, ప్రభుత్వ ఉద్యోగి విధి నిర్వహణలో ఉండగా ఫోటో తీయడమే నేరమని చెప్పే చట్టం లేదు. ఉన్నదనుకుని బెదిరించేవాళ్లు సాధారణంగా రెండింటి పేరు చెబుతారు. ఒకటి, విధులకు ఆటంకం. పాత శిక్షాస్మృతిలో 186, 353 సెక్షన్లు మనకు కంఠతా వచ్చు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 221, 132 అయినవి. 132 కింద రావాలంటే ఉద్యోగి మీద దౌర్జన్యమో, బలప్రయోగమో జరగాలి. దూరం నిలబడి ఫోను ఎత్తితే బలప్రయోగం కాదు. 221 కింద రావాలంటే పనికి కావాలని అడ్డుపడాలి. కౌంటరుకు అడ్డంగా నిలబడి వెనక ఉన్న పాతికమందిని కదలనీయకపోతే అది అడ్డుపడడమే, అప్పుడు ఫోను ఉన్నా లేకున్నా ఒకటే.

రెండోది, 1923 నాటి అధికార రహస్యాల చట్టం. తెల్లదొరల కాలంలో గూఢచారుల కోసం చేసిన చట్టం ఇది. అందులో "నిషిద్ధ స్థలం" అంటే ఏమిటో నిర్వచించి ఉన్నది: ఆయుధ కర్మాగారాలు, సైనిక స్థావరాలు, అట్లాంటివి, ఇంకా ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన స్థలాలు. మహారాష్ట్రలోని వార్ధాలో 2018లో ఒకాయన ఇరుగుపొరుగు తగాదా మీద పోలీసు స్టేషనుకు పోయి, అక్కడ జరుగుతున్న మాటలను ఫోనులో వీడియో తీసినాడు. పోలీసులు ఆయన మీద ఈ చట్టం కిందనే కేసు పెట్టినారు. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022 జులైలో ఆ కేసును కొట్టివేసింది. నిషిద్ధ స్థలం నిర్వచనంలో పోలీసు స్టేషను లేనేలేదు అన్నది. ఠాణాకే వర్తించని చట్టం మండల కార్యాలయానికి ఎట్లా వర్తిస్తుంది? అంతకుముందే, 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులోనూ సీసీ కెమెరాలు పెట్టవలసిందేనని ఆదేశించింది. జనం కెమెరా తేవడం మాట అటుంచి, ప్రభుత్వమే కెమెరా పెట్టాలె అన్నది.

అయితే చట్టం నేరమనలేదు కాబట్టి ఏమైనా చేయవచ్చునా అంటే, అదీ కాదు. కార్యాలయ అధిపతికి ఆవరణలో క్రమం కాపాడే అధికారం ఉన్నది. ఫలానా చోట ఫోటోలు వద్దు అని బోర్డు పెట్టవచ్చు. వినకపోతే బయటికి వెళ్లమనవచ్చు. వెళ్లకుండా గొడవచేస్తే పోలీసులను పిలవవచ్చు. కాని ఫోను గుంజుకునే అధికారం గాని, అందులోని ఫోటో చెరిపేసే అధికారం గాని అటెండరుకూ లేదు, ఆఫీసరుకూ లేదు. నేరానికి సంబంధించిన వస్తువని అనుమానం ఉంటే స్వాధీనం చేసుకోవలసింది పోలీసు అధికారి. దానికి పంచనామా ఉంటుంది, కోర్టుకు తెలపాలె. ఆ పద్ధతి మనవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

బోధన్ నుంచి వచ్చిన మిత్రులు ఒక మాట అడగవచ్చు. 1937లో మొదలై 2015 డిసెంబరులో లేఆఫ్ పడిన చక్కెర ఫ్యాక్టరీలో మీరు పనిచేసినారు. గేటుపాసు లేనిదే లోపలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు గదా, అక్కడ ఫోటో తీయనిచ్చేవారా అని. నిజమే. కాని జనం రావడానికని కట్టిన కచేరీ వేరు, పని నడవడానికని కట్టిన ఫ్యాక్టరీ వేరు. కచేరీలో కూడా జనం నిలబడే వరండా, కౌంటరు ఒకటి. వెనక రికార్డు గది, ఉద్యోగులు కూర్చునే చోటు ఇంకొకటి. కోర్టు హాలులో అనుమతి లేకుండా తీయరాదు. ఆస్పత్రిలో రోగి ఉంటాడు. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే చోటు ఉంటుంది, భద్రత కారణం చూపడంలో కొంత అర్థమున్నది. 2024లో రాజస్థాన్‌లో ఒక ఖాతాదారుడు భోజనవేళ ఖాళీ కుర్చీల ఫోటో తీసి అందరికీ చూపిస్తే, ఒక పెద్ద ప్రభుత్వరంగ బ్యాంకు ముందు జవాబు చెప్పింది కుర్చీల గురించి కాదు, ఫోటో తీయడం నిషిద్ధం, తీసెయ్యండి అని. దేశమంతా నవ్వింది. భద్రత మాట నిజమైనా, అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు గదా.

ఇక అసలు సంగతి, ఉద్యోగికి తన ముఖం మీద హక్కు లేదా? ఉన్నది. అయితే ఎంతవరకు అన్నది చూడాలె.

మనిషికి ఏకాంతపు హక్కు ఉన్నదని, అది రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పినారు. ఆ కేసు వేసింది ఎవరనుకున్నారు? మనలాంటి పింఛనుదారే. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామిగారు. మన ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషనుకు అధ్యక్షులుగా కూడా పనిచేసినారు. 2012లో ఆధార్ మీద ఆ కేసు వేసేనాటికి ఆయన వయసు 86. మనం డెబ్బై దాటంగనే కాళ్లు లాగుతున్నాయని మీటింగులకు రావడం మానేస్తున్నాము.

అంతకు చాలా ముందే, 1994 అక్టోబరులో, ఇంకొక తీర్పు ఉన్నది. మన రాష్ట్ర హైకోర్టులో చాలాకాలం న్యాయమూర్తిగా ఉండి సుప్రీంకోర్టుకు వెళ్లిన బి.పి. జీవన్‌రెడ్డిగారు రాసిన తీర్పు అది. మద్రాసులో ఆటో శంకర్ అనే ఉరిశిక్ష పడ్డ ఖైదీ జైలులో తన కథ రాసుకున్నాడు. తనకు సాయంచేసిన అధికారుల పేర్లు అందులో ఉన్నవి. పత్రిక అచ్చువేస్తామంటే జైలు అధికారులు అడ్డుపడినారు. జీవన్‌రెడ్డిగారు రెండు మాటలు తేల్చినారు. ప్రతి మనిషికీ తన ఇల్లు, తన కుటుంబం, తన సొంత బతుకు గురించి ఎవరూ వేలుపెట్టకుండా ఉండే హక్కు ఉన్నది. కాని ప్రభుత్వాధికారి తన విధి నిర్వహణకు సంబంధించిన పనుల విషయంలో ఆ హక్కును అడ్డం పెట్టుకోలేడు. అచ్చుకాకముందే ఆపే అధికారమూ లేదు, అబద్ధమైతే తరువాత దావా వేసుకోవచ్చు.

నా మట్టుకు నాకు ఈ తీర్పు చదివినాక మా ఇంటి సంగతి, వదినమ్మ సంగతి రెండూ విడివిడిగా కనబడినవి. పదకొండు నలభైకి ఖాళీగా ఉన్న కుర్చీ విధికి సంబంధించింది. అది ఎవరైనా చూడవచ్చు, చూపవచ్చు. రెండు దాటినాక తింటున్న ముద్ద విధికి సంబంధించింది కాదు. ఆమె ఆకలి ఆమెది.

సమాచార హక్కు చట్టం కూడా ఈ గీతనే గీసిందని నా అభిప్రాయం. 2005 అక్టోబరు 12 నుంచి అమలులో ఉన్న ఆ చట్టం నాలుగో సెక్షను ప్రకారం ప్రతి కార్యాలయమూ తన ఉద్యోగుల పేర్లు, హోదాలు, నెల జీతం కూడా అడగకుండానే బయటపెట్టాలె. మన కాలంలో జీతమెంత అని అడిగితే తప్పుగా చూసేవారు. ఇప్పుడు అది గోడమీద ఉండవలసిన సంగతి. కాని అదే చట్టం కింద ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, ఆస్తుల వివరాలు అడిగితే, అవి ఉద్యోగికీ యజమానికీ మధ్యనుండే సొంత విషయాలు, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వనక్కరలేదని 2012 అక్టోబరులో దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వదినమ్మ పని ఎట్లయిందో కూడా చెప్పాలె గదా. ఫోటో పోయింది, నేను మళ్లీ ఫోటో తీయలేదు. పదిరూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, ఆ ఫైలు ఏ తేదీన ఏ బల్ల మీదికి వచ్చింది, ఏ తేదీన కదిలింది, రిజిస్టరు స్వయంగా చూస్తానని అడిగినాను. చూడడానికి నన్ను పిలవకముందే మంజూరు ఉత్తరువు ఇంటికి వచ్చింది. వదినమ్మ ఇప్పుడు మూడో వరుసలో కూర్చున్నది, నవ్వుతున్నది, చూడండి.

ఇక మన తీర్మానంలాంటిది ఎక్కడైనా అమలైందా అని చూస్తే, పక్కనే కర్ణాటకలో అయింది. ఒక్కరోజు. 2022 జులై 15న అక్కడి సిబ్బంది, పరిపాలనా సంస్కరణల శాఖ, ప్రభుత్వ కార్యాలయాల్లో పనివేళల్లో అనుమతి లేకుండా బయటివాళ్లు ఫోటోలు, వీడియోలు తీయరాదని ఉత్తరువు ఇచ్చింది. కోరింది రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల సంఘం. కారణాలు మన మిత్రుని తీర్మానంలో ఉన్నవే: తీసినవి దుర్వినియోగం చేస్తున్నారు, మహిళా ఉద్యోగులకు ఇబ్బంది అవుతున్నది అని. ఉత్తరువు బయటికి వచ్చిన గంటల్లోనే, లంచాలు తినడానికి తెర కడుతున్నారా అని జనం, పత్రికలు, ప్రతిపక్షాలు ఒక్కటై తిరగబడినారు. మర్నాటికి ఉత్తరువు రద్దయింది. నేను గమనించింది ఏమంటే, ఆ గొడవలో మహిళా ఉద్యోగుల బాధ ఎవరికీ వినబడలేదు. నిజమైన ఫిర్యాదు ఒకటి, తప్పు కోరిక వెంట పోయి మునిగిపోయింది. మనమూ అదే కోరిక కోరితే మన బిడ్డల మాట కూడా అట్లనే పోతుంది. నా భయం అది.

ఉద్యోగుల భయాన్ని నేను తక్కువ చేయడం లేదు. 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారుగారిని, ఒక ఆడమనిషిని, ఆమె కార్యాలయంలోనే తగులబెట్టినారు. ఆ వార్త విన్ననాడు ఈ శాఖలో పనిచేసినవాళ్లం ఎవరమూ అన్నం తినలేదు. కౌంటరు ముందు జనం కోపంగా ఉంటే వెనక కూర్చున్నవాళ్లకు గుండె ఎట్లా కొట్టుకుంటుందో మనకు తెలుసు. కాని ఆ కోపం కెమెరాతో పుట్టింది కాదు, కెమెరా లేకుంటే పోయేదీ కాదు.

మండలాలు ఏర్పడిన కొత్తలో, అంటే 1985 తరువాత, నేను ఒక కార్యాలయంలో ఇన్‌వర్డు గుమాస్తాను. తాలూకా కాగితాలన్నీ పంచి ఇస్తే మా వాటాకు ఎడ్లబండెడు వచ్చినవి. బీరువాలు లేవు. నా బల్ల వెనక కాగితాల కట్టలు నా తల ఎత్తుదాకా ఉండేవి. ఒకనాడు పత్రికా విలేకరి ఒకాయన ఫ్లాష్ కెమెరాతో వచ్చి ఆ గుట్ట ఫోటో తీసినాడు. నా నెత్తి మీది వెంట్రుకలు కొంచెం పడినవి, అప్పుడు ఉండేవి. అచ్చయినాక సూపరింటెండెంటుగారు నన్ను నోటికొచ్చినట్టు తిట్టినారు. పదిరోజులకు రెండు బీరువాలు, ఒక టైపిస్టు వచ్చినారు. అంతకుముందు అవే బీరువాల కోసం నేను రాసిన నోటు ఆ గుట్టలోనే ఎక్కడో ఉండి ఉంటుంది.

మన వేల్పూరుకు ఇది కొత్త పాఠమా? 2001 అక్టోబరు 2న బాలకార్మికులు లేని మండలంగా ఈ ఊరి పేరు దేశమంతా వినబడింది. పసుపు చేలల్లో, బీడీల దగ్గర ఏ పిల్ల పనిచేస్తున్నదో ఊరు ఊరంతా కళ్లుపెట్టి చూసినందుకే అది జరిగింది. నలుగురి చూపు పడితే పని నడుస్తుంది.

అయితే చూపు హద్దుదాటితే పట్టుకోవడానికి చట్టంలో చోటు లేదా అంటే, కావలసినంత ఉన్నది. మనవాళ్లు వాడుకోవడం లేదు. ఆడవాళ్లను చాటుగా, ఎవరూ చూడరనుకున్న స్థితిలో ఉండగా ఫోటో తీస్తే న్యాయ సంహిత 77వ సెక్షను. మొదటిసారికే ఏడాది నుంచి మూడేండ్ల జైలు. దేహంలోని గుప్తభాగాల ఫోటో అయితే సమాచార సాంకేతిక చట్టం 66-ఇ కూడా. వెంటపడి వేధిస్తే 78. మాటతో, సైగతో మర్యాదకు భంగం కలిగిస్తే 79. ఉన్నదాన్ని కోసి అతికించి, లేని మాట రాసి పరువు తీస్తే 356. ఆ సెక్షనులోనే మినహాయింపు కూడా ఉన్నది: ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ గురించి మంచి విశ్వాసంతో చెప్పిన అభిప్రాయం పరువునష్టం కాదు. యూట్యూబ్ చానలు పేరు చెప్పి, పదివేలిస్తే వీడియో ఆపుతాము అంటే అది 308, బలవంతపు వసూలు. అట్లా అడిగినవాళ్లకు డబ్బులిచ్చి ఊరుకున్న ఉద్యోగుల సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫిర్యాదు ఇవ్వరు. ఎందుకివ్వరో కూడా తెలుసు. కడిగిన ముత్యంలా ఉన్నవాళ్లు సైతం శాఖాపరమైన విచారణ వస్తుందేమోనని భయపడతారు. సంఘం పక్కన నిలబడవలసింది అక్కడ.

ఫోటో తీసేవాళ్లకు కూడా ఒక మాట. కౌంటరు ఫోటో తీస్తే గుమాస్తా ఒక్కడే పడడు. ముందు నిలబడ్డ రైతు చేతిలోని పాసుపుస్తకం పడుతుంది, ముసలమ్మ ఆధార్ నంబరు పడుతుంది, ఎవరో విడాకుల కాగితాలు పట్టుకుని ఉంటారు. వాళ్లు ఏ ప్రభుత్వోద్యోగులు?

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. డల్లాసులో ఉండే మా అల్లుడిని అడిగితే, అక్కడి తపాలా కార్యాలయం గోడకు నియమాల బోర్డు ఉంటుంది, వార్తల కోసం ద్వారం దగ్గర, జనం నిలబడే హాలులో, నడవాల్లో ఫోటో తీసుకోవచ్చునని రాసి ఉంటుంది అన్నాడు. వాళ్ల పక్క ఊరు ఫోర్ట్‌వర్త్‌లో 2015లో ఒకాయన రోడ్డు పక్కన నిలబడి పోలీసు స్టేషనును వీడియో తీస్తే పోలీసులు పట్టుకున్నారు. 2017లో అక్కడి అప్పీలు కోర్టు పోలీసులను వీడియో తీసే హక్కు పౌరులకు ఉన్నదని చెప్పింది. దాని తోకగా ఇంకొకటి పుట్టింది. కొందరు పనిలేనివాళ్లు కెమెరా పట్టుకుని కౌంటర్ల ముందు నిలబడి, గుమాస్తాలు కోపం తెచ్చుకునేదాకా కదలకుండా, కోపం వచ్చినాక ఆ వీడియోను డబ్బు చేసుకుంటారట. దానికి "ఆడిట్" అని పేరు పెట్టుకున్నారట. ఏజీ ఆఫీసు ఆడిట్ పార్టీలను చూసిన మనకు ఆ పేరు వింటేనే జ్వరం వస్తుంది. అక్కడ అనుభవజ్ఞులైన ఉద్యోగులు ఏంచేస్తారని అడిగినాను. "ఏం చెయ్యరు మామయ్యా, నెక్స్ట్ అని తరువాతి మనిషిని పిలుస్తరు" అన్నాడు.

మన ముఖాల సంగతి కూడా చూడండి. రిజిస్ట్రేషను చట్టంలో 2001లో చేర్చిన 32-ఎ సెక్షను ప్రకారం భూమి అమ్మినా కొన్నా మన ఫోటో, వేలిముద్ర పెట్టవలసిందే. 2013 నాటి ప్రజాభద్రత చట్టం వచ్చినాక జనం గుమిగూడే దుకాణాల్లో, ఆస్పత్రుల్లో సీసీ కెమెరా కిందనే తిరుగుతున్నాము. బతికే ఉన్నామని రుజువుచేయడానికి ఏటా ఫోను ముందు కూర్చుని కళ్లార్పుతున్నాము. కంటి ఆపరేషను అయిన ఒక అక్కయ్యను మొన్న నవంబరులో ఆ యంత్రం ఆరుసార్లు తిప్పిపంపింది. ఆమె కళ్లు ఆర్పుతూనే ఉన్నది, అది ఒప్పుకోదు. ప్రభుత్వం మన ముఖాన్ని ఇన్నిసార్లు అడిగి తీసుకుంటుంటే, ప్రభుత్వం కూర్చున్న కుర్చీని మేము చూడవద్దు, చూపవద్దు అని మనమే తీర్మానం చేసి పంపడమా?

కాబట్టి నేను ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. మిత్రునితో ముందే మాట్లాడినాను, ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. సవరణ చదువుతాను.

"మండల స్థాయి కార్యాలయాల్లో ప్రజలు నిలబడే చోటు నుండి కార్యాలయపు పనిని ఫోటో తీయడం ఎక్కడ అనుమతింపబడునో, రికార్డు గది, సిబ్బంది గది మొదలగు ఏయే చోట్ల అనుమతింపబడదో తెలుపుతూ ద్వారం వద్ద తెలుగులో బోర్డు పెట్టించవలసిందిగాను, పౌరుల ఫోనులను సిబ్బంది లాక్కొనరాదని సూచనలివ్వవలసిందిగాను, ఫోటోలను మార్చి, లేదా ఉద్యోగుల సొంత జీవితానికి సంబంధించిన వాటిని వ్యాప్తిచేసి వేధించేవారిపై ఉద్యోగి తరఫున కార్యాలయమే ఫిర్యాదు చేయునట్లు ఏర్పాటు చేయవలసిందిగాను, ప్రతి కార్యాలయంలోనూ సిబ్బంది భోజనం చేయుటకు, ముఖ్యంగా మహిళలకు, తలుపు ఉన్న ఒక గది ఇవ్వవలసిందిగాను జిల్లా కలెక్టరుగారిని ఈ సభ కోరుచున్నది."

చివరి వాక్యం మా కోడలు చెప్పి రాయించింది. ఆమె వీడియో తీసిన కుర్రవాడు ఎవరో మాకు తెలుసు. ఫిర్యాదు ఇస్తావా అమ్మా అని అడిగినాను. ఇవ్వలేదు. తరువాతి నెల వాడే ఏదో సర్టిఫికెటు కోసం ఆమె కౌంటరు దగ్గరికే వచ్చినాడట. తల ఎత్తకుండా కాగితం ఇచ్చినాడట. స్టాంపు వేసి పంపించినానని చెప్పింది.

తీర్మానాన్ని ఈ సవరణతో ఓటుకు పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. 

(సవరించిన తీర్మానం సభలో నెగ్గినది. ప్రతిపాదించిన మిత్రుడు తటస్థంగా ఉన్నారు. – సంపాదకవర్గం)